జాంబియా పిల్లకు దాచిపెట్టిన సంగటి

మా చిన్నాయన జాంబియాలో లెక్కల అయ్యవారు. ఆఫ్రికాలో ఆ దేశం ఏ మూలనుందో ఆళ్ళగడ్డలో మా వీధికంతటికీ తెలిసింది మా నాయనకు ఒక్కడికే. అదీ మిషను బడిలో ఆయన పిల్లలకు చూపించే గోడపటం పుణ్యాన. ఎనభైల మొదట్లో నేను నంద్యాలలో డిగ్రీ ముగించి, ఉద్యోగం రాక, ఇంట్లో కూర్చుని అందరిమీదా చిర్రుబుర్రులాడుతుండేదాన్ని. అప్పుడు చిన్నాయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తన పక్కింటివాళ్ళ అమ్మాయి నర్సు చదువుకోసం మన దేశం వచ్చిందట. దక్షిణాన ఏదో ఆసుపత్రి హాస్టల్లో ఉందట. అన్నం సహించడం లేదు, బెంగపెట్టుకుంది, చదువు వదిలేసి ఇంటికి పోతానంటోంది. 'సెలవులకు మన ఇంటికి పొమ్మన్నాను. కడుపునిండా పెట్టి, మనసు కుదుటపరిచి పంపించండి. ఆ ఇంటికి ఆ పిల్ల చదువే ఆధారం' అని రాశాడు.

మా అమ్మ ఆ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు గాని, వచ్చినవాళ్ళ చేత తినిపించడంలో ఆమెను మించినవాళ్ళు మా పేటలో లేరు.

"తిండి పోకపోతే చదువు యాడ పోతాది? రానీ, నేను జూసుకుంటా," అంది.

ఫారిన్ నుంచి ఆడపిల్ల వస్తోందంటే వీధి వీధంతా దొరసాని వస్తుందనే అనుకుంది. ఎదురుగా అంగడి పెట్టుకున్న శెట్టి నంద్యాల నుంచి బ్రెడ్డు తెప్పించిపెట్టాడు. అమ్మ గోడలకు సున్నం కొట్టించింది. నాయన పరీక్ష పేపర్లు దిద్దుకునే బల్లమీద దుప్పటి పరిచి, దాన్నే భోజనాల బల్ల చేసింది. ఇక నేనూ నాయనా నంద్యాల స్టేషనుకు పోయాం. గుంతకల్లు వైపు నుంచి వచ్చిన బండిలోంచి పూలపూల గౌను వేసుకుని, బొగ్గులా నల్లగా నిగనిగలాడుతూ, జానెడు జుట్టును సన్నసన్న పాయలు అల్లుకుని ఒక అమ్మాయి దిగింది. మా నాయన ఆమెను దాటుకుని పోయి, బండి చివరిదాకా దొరసాని కోసం వెతికాడు. పిల్లలకు ఆఫ్రికా పటం చూపించే మనిషి! నేను పోయి ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నాయన సిగ్గుపడి ఆ అమ్మాయి పెట్టె తానే రెండు చేతులా ఎత్తుకుని, బస్టాండుదాకా ఎవరికీ ఇవ్వలేదు.

ఆమె మాట్లాడిందంతా ఇంగ్లీషే. నాయన నోట్లోని ఇంగ్లీషు వ్యాకరణం సరిచూసుకుని బయటికి వచ్చేసరికి బస్సు ఊరు దాటుతుంది కాబట్టి, ఆ నాలుగు రోజులూ నేనే దుబాసీని.

ఆళ్ళగడ్డ బస్సులో ఆమెకు ప్రతిదీ వింతే. జనం కిటికీల్లోంచి టవళ్ళు విసిరి సీట్లు పట్టుకోవడం చూసి, అదేమన్నా ఆటా అని అడిగింది. మగవాళ్ళు చిటికెన వేళ్ళు పట్టుకుని నడుస్తుంటే అన్నదమ్ములా అంది. ఆడవాళ్ళ తలల్లో పూలు చూసి ఈరోజు పండగా అంది. పాపం, హాస్టలు గోడల మధ్య నెలలు గడిపిందే గాని, మన దేశాన్ని సరిగా చూసింది ఆ రోజే. నిలబడి ఉన్న ఒకామె ఏమీ అడక్కుండానే చంకలో పిల్లాణ్ణి తెచ్చి ఈమె ఒళ్ళో పడేసి, "రోంత పట్టుకో పాపా," అని కడ్డీ పట్టుకుంది. పిల్లాడు ఈమె జడపాయ నోట్లో పెట్టుకున్నాడు. ఆమె ముఖం ఎట్లా విచ్చుకుందో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

"నా పేరన్నా అడగలేదు. బిడ్డనిచ్చింది," అంది నాతో. హాస్టల్లో ఏం జరిగిందో అప్పటికి నాకు తెలియదు కాబట్టి, ఇదేం పెద్ద సంగతని నవ్వాను.

దారి పొడుగునా నల్లరేగడిలో జొన్న నిలబడి ఉంది. దాన్ని చూసి ఆమె సీట్లోంచి సగం లేచింది. తమ ఊళ్ళోనూ ఈ పంట ఉందట, మొక్కజొన్న ఇంకా ఎక్కువట. ఆ మాట నేను పట్టించుకోలేదు. ఇళ్ళ గోడలు నాపరాయి, కప్పు నాపరాయి, నీళ్ళతొట్టి నాపరాయి, ఆఖరికి చేని కంచె కూడా నాపరాళ్ళే అని వేళ్ళు మడిచింది. ఆళ్ళగడ్డ పొలిమేరలో శిల్పులు చెక్కుతున్న విగ్రహాలు రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉంటే, "ఇంతమంది దేవుళ్ళు ఎవరికోసం కాచుకున్నారు?" అంది. "లారీ కోసం," అన్నాను. బస్సంతా తిరిగి చూసేట్టు నవ్వింది. అట్లా నవ్వే పిల్ల తిండి మానేసి బెంగపెట్టుకుందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇంటి ముందు అప్పటికే జాతర. ఆమె దిగేసరికి పిల్లలు కెవ్వుమని వెనక్కి పరిగెత్తి, మళ్ళీ ముందుకొచ్చారు. శెట్టిగారి అవ్వ నోటికి అడ్డేముంది?

"అదేందిమే, దొరసాని అంటిరే! ఈ పాప మనకంటే నలుపుండాదే!"

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "నలుపైతే నీ సొమ్మేం పోయె అవ్వా? జరుగు, పిల్లకు గాలి రానీ!"

అవ్వ ఏమందని ఆ అమ్మాయి అడిగితే, మీ గౌను బాగుందందని చెప్పాను. ఆమె నా వైపు చూసి, "రంగు మాట ఏ భాషలో అన్నా నాకు తెలుస్తుంది," అంది. కోపంగా కాదు, అలవాటైన మనిషిలా అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక మా అమ్మ మర్యాదలు మొదలయ్యాయి. బల్ల దగ్గర కుర్చీ, పింగాణీ పళ్ళెం, చెంచా. తెల్లటి సన్నబియ్యపు అన్నం, కారం లేని కోడికూర, కాల్చిన బ్రెడ్డు. ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మ పక్కన నిలబడి విసనకర్రతో విసిరేది. నేను ఒక గోడకు, నాయన ఒక గోడకు ఆనుకుని చూస్తూ నిలబడేవాళ్ళం. అతిథి తిని లేచేదాకా ఇంటివాళ్ళు మెతుకు ముట్టరు, అతిథితో సమానంగా కూర్చోరు. మా అమ్మకు తెలిసిన మర్యాదల్లో అంతకు మించింది లేదు. ఆ అమ్మాయి నాలుగు మెతుకులు కెలికి, చాలని చెయ్యి కడుక్కునేది. అమ్మ ముఖం మాడిపోయేది.

ఆమె అవతలికి పోయాక మేం వంటింట్లో చేరి, తలుపు దగ్గరగా వేసుకుని, జొన్నసంగటి తినేవాళ్ళం. వేయించిన శెనక్కాయలు నూరిన ఊరుబిండి, పుల్లకూర, పచ్చి ఉల్లిగడ్డ. మాకు అదే ప్రాణం. కాని అప్పటికి బియ్యం అందరికీ అందుబాటులోకి వచ్చింది. సంగటి తినే ఇల్లంటే ఇంకా తేరుకోని ఇల్లని లెక్క. ఫారిన్ పిల్ల ఎదుట సంగటి తిని పరువు తీసుకుంటామా? "ఆ పాప కంట పడనీకండి," అని అమ్మ మాకు గట్టిగా చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లో సంగటి గిన్నె చుట్టూ మేం ముగ్గురం కూర్చున్నాం. నాయన బస్సులో తన ఇంగ్లీషు గొప్ప చెబుతుంటే నేనూ అమ్మా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాం. తలుపు కిర్రుమంది. చూస్తే గడపలో ఆ అమ్మాయి, చేతిలో ఖాళీ గ్లాసు. నీళ్ళకు వచ్చింది.

మా అమ్మ ఏం చేసిందనుకున్నారు? గబుక్కున గిన్నెమీద మూత పెట్టి, దాన్ని తన వెనక్కి లాక్కుని, పైన కొంగు కప్పింది. నాయన ఎంగిలి చెయ్యి వెనక దాచుకుని లేచి నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయికి రాలేదు. గ్లాసు గడప మీదే పెట్టి వెనుదిరిగింది.

నేను చెయ్యి కడుక్కుని పోయేసరికి పెట్టె సర్దుకుంటోంది. బొంబాయి రైలు ఎప్పుడుందని అడిగింది. అక్కడి నుంచి విమానం ఎక్కి ఇంటికి పోతుందట. ఏమైందన్నాను. పెట్టెలో గౌను కుక్కి మూత నొక్కింది. తర్వాత ఒక్కసారిగా కట్ట తెగింది.

"హాస్టల్లో నేను కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు. నేను పళ్ళెం తీసుకొస్తే లేచి పక్క బల్లకు పోతారు. ఒంటరిగా అన్నం ఎట్లా మింగుడుపడుతుంది? మీ చిన్నాయన మా ఇంట్లో కింద కూర్చుని, మాతో ఒకే గిన్నెలో చెయ్యి పెట్టి తిన్నాడు. ఆయన మనుషులు కదా అని ఇంతదూరం వచ్చాను. మీరూ నన్ను విడిగా కూర్చోబెట్టారు. మీరంతా కలిసి తింటూ, నేను కనబడగానే గిన్నె దాచుకున్నారు. నేను చూస్తే మైలపడుతుందా?"

అయ్యో దేవుడా, అనుకున్నాను. పోయి అమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ ముఖంలో నెత్తురు లేదు.

"నేనా?" అంది. "నేను ఆ పాపను దూరం పెట్టినానంటనా?"

నాయన చొక్కా గుండీ పెట్టుకుని, భారతీయ అతిథి మర్యాద గురించి ఆమెకు వివరిస్తానని లేచాడు. "నీ ఇంగ్లీషు ఆడ పెట్టు సామీ," అని అమ్మ ఆయన్ని తోసేసి, సంగటి గిన్నె చంకనెత్తుకుని ఆ అమ్మాయి గదిలోకి నడిచింది. బండలమీద చతికిలబడింది. పళ్ళెంలో ముద్ద వేసి, నడుమ గుంట చేసి ఊరుబిండి పెట్టింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టింది. "తిను," అంది.

ఆ అమ్మాయి ముద్ద వైపు చూసి కళ్ళు పెద్దవి చేసింది. అచ్చం తమ ఇంటి తిండేనట, వాళ్ళది మొక్కజొన్న పిండితో, అంతే తేడా. వేళ్ళతో తుంచి, ఉండ చేసి, బొటనవేలితో నొక్కి, ఊరుబిండి అద్దుకుని నోట్లో పెట్టుకుంది. మా ఊరి కోతలకు వచ్చే ఆడమనిషి తిన్నట్టే తింది. అదే పళ్ళెంలో, ఆమె తుంచిన చోటే, అమ్మ చెయ్యి పెట్టి తుంచుకుని తాను తినింది. కడుపున పుట్టిన నా ఎంగిలి కూడా ఏనాడూ ముట్టని మనిషి!

"ఈ పాపకు చెప్పు," అంది అమ్మ నాతో. "మా చిన్నప్పుడు పెద్దోళ్ళ చేను కోతకు పోతే, సంగటి ముద్ద పైనుంచి ఇసిరేటోళ్ళు. నీళ్ళడిగితే దోసిలి పట్టమని ఎత్తునుంచి పోసేటోళ్ళు. గొంతు తడవకముందే అయిపోయేది, రైకంతా తడిసేది. వాళ్ళ మొకం జూడాకు, దోసిలి జూసుకో అని మా యమ్మ చెప్పేది. నా ఇంట్లో ఎవురికీ అట్ల జరగనియ్యనని అనుకున్యా. నేనే జేస్తినే!"

ఈ సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నాకు ఇరవై ఏళ్ళు దాటాక, మా అమ్మ పడిన అవమానాన్ని నేను పరాయి భాషలోకి మార్చి చెప్పవలసి వచ్చింది. సగంలో ఆగిపోయాను. అమ్మ రెండు చేతులూ దోసిలి పట్టి నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. ఆ అమ్మాయి తినడం ఆపేసింది.

ఆమె కూడా తన తల్లి సంగతి చెప్పింది. తెల్లవాళ్ళు ఏలే రోజుల్లో వాళ్ళ ఊరి మాంసం అంగట్లోకి నల్లవాళ్ళను అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదట. పక్కగోడకు ఒక కన్నం. అందులోంచి డబ్బులు లోపలికి, కాగితంలో చుట్టిన పొట్లం బయటికి. మంచిదో కుళ్ళిందో విప్పి చూస్తే తిట్టేవాళ్ళట. ఒకరోజు ఆడవాళ్ళంతా మాట్లాడుకుని ఆ కన్నం దగ్గరికి పోవడం మానేశారు. ఇంట్లో పిల్లలకు ఆకుకూరలే వండిపెట్టారు. అంగడివాడు వాళ్ళ దారికి రాక తప్పలేదు, తలుపు తెరిచాడు. ఆమె పుట్టాక తల్లి ఆమెను వీపున కట్టుకుని ఆ తలుపులోంచే లోపలికి నడిచిందట.

నేను తెలుగు చేసి చెబుతుంటే అమ్మ కళ్ళార్పకుండా వినింది. తర్వాత ఇంకో ముద్ద తీసి ఆ అమ్మాయి పళ్ళెంలో వేసింది.

"మీ యమ్మ తెరిపిచ్చిన తలుపు, నువ్వు యెనక్కి పోయి మూస్తావా పాపా?" అంది. "ఆ పిల్లోళ్ళు నీ పక్కన కూకోకుంటే, అన్నం తట్ట ఎత్తుకోని నువ్వే పోయి వాళ్ళ నడుమ కూకో. లేసిపోతే ఇంగో బల్ల కాడికి పో. ఎన్ని దినాలు లేస్తారు? ఆకలైతాది వాళ్ళకు గూడా."

చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను, మా అమ్మ కడుపున పుట్టినందుకు పొంగిపోతూ చెప్పాను. ఆ అమ్మాయి ముద్దంతా తినేసి, పళ్ళెం వేలితో తుడిచి, మళ్ళీ చాపింది. అమ్మ నా వాటా కూడా ఆమెకే వేసింది.

మర్నాడు నంద్యాల స్టేషనులో టికెట్ల కిటికీ దగ్గర నాయన ఆగిపోయాడు. బొంబాయికా, హాస్టలుకా అని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. నన్ను అడగమని సైగ చేశాడు. నేను అడిగాను.

"హాస్టలుకే," అంది. "వాళ్ళు ఎన్ని రోజులు లేచిపోతారో చూసి మీ అమ్మకు రాస్తాను."