నాన్నకో లైట్ కాఫీ

ఆ రోజుల్లో నాకు మనుషులు కనిపించేవాళ్ళు కాదు, వాళ్ళ కంచాల్లోని నెయ్యీ పంచదారా మాత్రమే కనిపించేవి. సింధనూరు ఆసుపత్రిలో ఎవరేం తినాలో చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. మెడలో గుర్తింపు కార్డు తియ్యకుండానే ఇంటికొచ్చేదాన్ని (అమ్మ చూడాలి కదా). మాది జవళగేర దగ్గర క్యాంపు. కాలువ కింద వరి వేద్దామని తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళని ఇక్కడ అలాగే అంటారు. ఊరు మారినా నాన్న కాఫీ మారలేదు. గేదె పాలు, పైన మీగడ, గ్లాసు అడుగున కరగని పంచదార. షుగరు బాగా పెరిగిందని డాక్టరు హెచ్చరించినా అంతే. నాకు నిజంగానే భయమేసేది. ఆ భయాన్ని భయంలా చెప్పడం చేతకాక ఉపన్యాసాలిచ్చేదాన్ని.

వినీ వినీ విసుగెత్తి, దీపావళి ముందురోజు నాన్న ఒక ఒప్పందానికొచ్చారు. "ఇదిగో, పండగ పూట నీ లైట్ కాఫీ ఏదో నువ్వే చెయ్యి. బాగుంటే రేపట్నుంచి నువ్వు చెప్పినట్టే తాగుతా. బాగోపోతే మాత్రం జన్మలో నా కాఫీ జోలికి రాకూడదు."

ఆ రాత్రంతా ఫోన్లో వీడియోలు చూసి సిద్ధమయ్యాను. పొద్దున్నే అమ్మ గడపలకి పసుపు రాస్తుంటే వంటింటిని ఆక్రమించాను. ఫ్రిజ్‌లో రెండు గిన్నెల పాలున్నాయి. ఒకదాని మీద దుప్పటంత మీగడ, రెండోదాని మీద అసలేమీ లేదు. అమ్మ నా మాట విని మీగడ తీసిపెట్టిందని మురిసిపోయాను. ఆ పాలల్లో డికాక్షన్, శొంఠి, యాలకులు, పంచదారకి బదులు కాస్త ఖర్జూరం ముద్ద కలిపాను. పాలు నేరుగా మంట మీద పెట్టకూడదని వీడియోలో అమ్మాయి చెప్పింది కనుక, స్టీలు గ్లాసుల్లో పోసి, మరిగే నీళ్ళ గిన్నెలో నిలబెట్టి మూతపెట్టి, ముగ్గు వెయ్యడానికి వెళ్ళాను.

తిరిగొచ్చి, తియ్యగా ఘుమఘుమలాడుతున్న గ్లాసు తీసుకెళ్ళి నాన్న చేతికిచ్చాను. ఆయన ఎత్తారు. ఏమీ రాలేదు. వంచారు. కాఫీ కదల్లేదు.

"ఏమ్మా, దీన్ని తాగాలా, కొయ్యాలా?"

అప్పుడే మిఠాయి పళ్ళెంతో వచ్చిన పక్కింటి అక్క (పుట్టి పెరిగింది రాయచూరులోనే) గ్లాసులోకి తొంగిచూసి నోరు నొక్కుకుంది. "అయ్యో, గిదేంది! మా బర్రె ఈనిందని నిన్న నేనిచ్చిన జున్నుపాలు గదనే గవి! కాఫీల పోస్తివా?"

అమ్మ పసుపు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "కాచని పాల మీద మీగడెలా కడుతుందే? ఇదేనా ఆసుపత్రిలో చెప్పేది!"

అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చేసింది. పోయింది పరువు కాదు, పందెం. ఇక రోజూ ఆయన ఆ చిక్కటి కాఫీ తాగుతుంటే నోరుమూసుకుని చూడాలి. నాన్న నా మొహం వైపు ఒకసారి చూసి, చెంచా తెమ్మన్నారు. అడుగంటా గీకి తిన్నారు. అమ్మకని పోసిన గ్లాసు కూడా తెప్పించుకుని తిన్నారు.

"బాగుందే. మాటంటే మాటే. రేపట్నుంచి నీ పలచ కాఫీయే."

ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. రోజూ పొద్దున్నే ఆముదం తాగినట్టు మొహం పెట్టి తాగుతారు. నా ఉద్యోగంలో ఇప్పుడు నాకో గది ఉంది, తలుపు మీద పేరుంది. మెడలో కార్డుతో ఊరంతా తిరిగిన ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. నాన్న మారింది తన చదువు చూసేననుకుని చాలాకాలం మురిసిపోయింది, పిచ్చిది.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు ఆయన గోడ మీదుగా పక్కింటి అక్కని మెల్లగా అడగడం విన్నాను. "ఏమ్మా, మీ గేదె మళ్ళీ ఎప్పుడు ఈనుద్ది? మా అమ్మాయి చేత లైట్ కాఫీ పెట్టించుకోవాలి."