పన్నెండో మనిషి

నా సర్వీసు మొత్తంలో లెక్కల పేపర్లు ఎన్ని దిద్దానో నోటుబుక్కులో రాసి ఉంది. అడక్కండి, మొదలుపెడితే ఆపను. కూడికలో నేను ఏనాడూ తప్పలేదు. అయినా చండ్రుగొండలో నా పరువు తీసింది ఒక కూడికే. దాని మొత్తం పన్నెండు.

అప్పటికి నాకు అరవై ఒక్క ఏళ్ల నాలుగు నెలలు. పసితనం, లోకం తెలియదు.

చర్ల నుంచి జ్యోతి అనే అమ్మాయి వచ్చి మా మహిళా సంఘం హాల్లో బెల్లీ డాన్సు నేర్పడం మొదలుపెట్టింది. సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం ఐదుకి. ఐదు అని బోర్డు పెట్టి ఐదూ ఏడు నిమిషాలకి మొదలుపెట్టేది. నా మొదటి అభ్యంతరం అదే. రెండోది బొడ్డు. వెంటనే హాలు ఖాళీ చేయించమని సంఘం అధ్యక్షురాలు వెంకటమ్మకు ఫిర్యాదు రాసిచ్చాను, నా పేరు బయటకు రాకూడదని చెప్పి మరీ.

"సాక్ష్యమున్నదా టీచరమ్మా?" అంది వెంకటమ్మ.

"మూడు వారాలు ఆగు. లెక్కతో సహా తెస్తా."

మొదటి రోజు కిటికీ దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతుంటే జ్యోతి చూసింది.

"ఎండల నిలబడుడెందుకు టీచరమ్మా? లోపలికి రాండి."

వెళ్లాను. సాక్ష్యం దగ్గరనుంచి చూస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా!

"చాటల బియ్యం చెరుగుతున్నమనుకోండి," అంటోంది జ్యోతి. "చాట చేతులల్ల లేదు, నడుముల ఉన్నది. ఊక ఎగరాలె, గింజ ఒలకొద్దు." తర్వాత అందరూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని, జ్యోతి వాళ్ల ఊళ్లో పండగలకి రేలా పాటకు ఆడినట్టు గుండ్రంగా అడుగులు వేశారు. "పాదాలు మా నాయనమ్మవి, నడుము ఈజిప్టుది" అని నవ్వింది.

నన్నూ లాగారు. నా నడుము తుప్పు పట్టిన గేటులా కిర్రుమంది.

"నాకు రాదు బిడ్డా."

"ఎందుకు రాదు? పిల్లల పేపర్ల మీద సున్నాలు చుట్టలేదా? గవ్వే ఇప్పుడు నడుముతోటి చుట్టండి."

వచ్చేసింది! సున్నాల్లో నాకున్న అనుభవం అంతటిది మరి.

మూడు వారాలు, తొమ్మిది క్లాసులు, ఒక్క గైర్హాజరు లేదు. నడుంనొప్పి పోయింది. "నా పేరు మాత్రం ఎక్కడా రాయకు, ఎవరికీ చెప్పకు" అని జ్యోతి చేతా, నోరు మెదపొద్దని క్లాసులో మిగతావాళ్ల చేతా ఒట్టు వేయించుకున్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చు కదా అంటారా? ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకోవడం నా సర్వీసులో లేదు.

ఆదివారం సంఘం కూర్చుంది. ఊరి ఆడవాళ్లంతా వచ్చారు. వెంకటమ్మ నా పేరు దాచాలన్న సంగతే మరిచి, లెక్కతో సహా నా ఫిర్యాదు కాగితం నా చేతికే ఇచ్చి చదవమంది. ఫిర్యాదు నాదని అప్పుడు తెలిసిన జ్యోతి నా వంక ఒక్కసారి చూసి, తల దించుకుంది.

నేను గొంతు సవరించుకుని చదివాను. "ప్రతి క్లాసుకూ హాజరు, పన్నెండు మంది."

వెంకటమ్మ జ్యోతి రిజిస్టరు తిప్పింది. "దీంట్ల పదకొండు పేర్లే ఉన్నయి. ఒక మనిషిని దాచినవా పిల్లా? సంఘానికి దొంగ లెక్క చూపెట్టినోళ్లకు హాలు ఇయ్యం. ఎవరా పన్నెండో మనిషి?"

జ్యోతీ, ఆ పదకొండు మందీ నోరు విప్పలేదు. ఒట్టు మరి.

"పోనీ, టీచరమ్మే తప్పు లెక్కపెట్టిందేమో," అంది వెనకనుంచి ఎవరో.

నేను అవునని తల ఊపితే చాలు. జ్యోతికి హాలు దక్కేది, నాకు పరువు దక్కేది. కానీ ఆ మాట నా చెవిన పడగానే ఒళ్లు మండిపోయింది.

"నా లెక్క తప్పా? వాళ్లు పదకొండు! నేను ఒకటి! మొత్తం పన్నెండు!"

హాల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. తర్వాత పైకప్పు రేకులు ఎగిరిపోయేంత నవ్వు.

"మీరా?" అంది వెంకటమ్మ. "నేను నమ్మ. ఏదీ, చూపెట్టండి."

అంతమంది ముందు, చేతిలో ఫిర్యాదు కాగితంతోనే, నడుముతో ఒక పూర్తి సున్నా చుట్టాను. నా ఫిర్యాదుకు వచ్చిన మార్కులు కూడా అవే.

వెంకటమ్మ కళ్లు తుడుచుకుని రిజిస్టరులో పన్నెండో పేరుగా నాది రాసింది. దాని కిందే పదమూడో పేరు తనది రాసుకుంది. జ్యోతికి హాలు ఉండిపోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. సోమవారం మాత్రం నా చేత సున్నాలు ఎనభై చుట్టించింది. లెక్కపెట్టాను.

ఆ రోజే చాట మీద, అంటే నా నడుము మీదే, చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక, నేను కూడా నిలబడి ఉన్న చోట తలలు లెక్కపెట్టను.