గుమ్మంలో పడని అవ్వ

నిన్న మనవరాలు ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. ఫొటో అనేది పుట్టిన కొత్తలో, విక్టోరియా రాణి రోజుల్లో, ఇంగ్లండులో ఎవరో తీసిన పాత రాతి చర్చి ఫొటో అది. ముందర ఒక్కరు కూడా లేరేంది తాతా అని అడిగింది. ఉండే ఉంటారమ్మా, కదిలి ఉంటారు అన్నాను. అన్నాక కూర్చోలేకపోయాను. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతూనే ఉన్నాను. నాకు నిలకడ లేదని ఇంట్లో అందరికీ తెలుసు. దానివల్ల ఏం పోగొట్టుకున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నా చిన్నప్పుడు మా మేనమామకు ఆత్మకూరులో ఫొటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫొటోలతో విసిగిపోయి, ఆ తొలినాటి దొరలు చర్చిలను తీసిన పద్ధతి ఏదో పుస్తకంలో చదివి, చెక్కపెట్టెతో కెమెరా చేసుకున్నాడు. ఫిల్ముకు బదులు మందు పూసిన కాగితం. ఎండలో నాలుగు నిమిషాలు కదలకుండా ఉంటేనే మనిషి పడతాడు. చర్చి అయితే కదలదు, తుమ్మదు, అందుకే దొరలు దాన్ని నమ్ముకున్నారని మామ అనేవాడు.

ఉదయగిరిలో మా పాత చర్చిని కూల్చి స్లాబు వేస్తారని తెలిసి, మామ, ఆయన తల్లి అయిన మా అవ్వ, నేను బస్సెక్కి వెళ్లాం. మందు పూసిన కాగితం ఒక్కటే ఉంది. అవ్వ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఈడనే మీ తాత నా చెయ్యి పట్టుకునింది. ఈ గుమ్మంలో ఒక్క ఫొటో ఉంటే చాలురా" అనింది.

కాస్త అవతల గొర్రెలు కాసుకునే ఒకాయన కర్రకు గడ్డం ఆనించి, ఒంటికాలి మీద నిలబడి చూస్తున్నాడు. మా వైపు గొర్రెలు కాసేవాళ్లకు పూటంతా అలా నిలబడటం అలవాటే. మామ గడియారం మీద కళ్లు పెట్టి సెకన్లు లెక్కపెడుతున్నాడు. నూరు దాటిందో లేదో, ఆత్మకూరు బస్సు హారన్ వినిపించింది. ఇక నావల్ల కాలేదు. గబగబా వెళ్లి అవ్వ చెయ్యి పట్టి లాగాను.

"రావ్వా, బస్సు పోతాది."

అవ్వ వచ్చేసింది. ఉన్న కాగితం అదొక్కటే కదా, మామ లెక్క ఆపకుండా నాలుగు నిమిషాలూ పూర్తిచేశాడు. నా మాట ఆమె ఎప్పుడూ కాదనలేదు.

ఫొటోలో చర్చి రాయిరాయీ పడింది. గొర్రెలాయన కర్రతో సహా పడ్డాడు. గుమ్మంలో మాత్రం పొగలాంటి మరక. అప్పటికే చర్చి రాళ్లు ట్రాక్టర్లలో వెళ్లిపోయాయి. అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు వెతికింది.

"నేనేడున్నానురా?" అనింది.

నేను బయటికి వచ్చి ఏడ్చాను.

ఆ ఫొటో ఇప్పుడు నా గదిలో ఉంది. దాని ముందు గంటసేపైనా కదలకుండా నిలబడగలను. నిలబడాల్సిన నాలుగు నిమిషాలు మాత్రం ఆ బస్సులోనే వెళ్లిపోయాయి.