ఇంటిల్లిపాదీ ఎక్కే పడవ

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలై అప్పటికి రెండేళ్లో మూడేళ్లో అయింది. కొత్వాల్‌గూడలో మాకున్న కాస్త పొలం రోడ్డులో పోయాక మా ఆయన క్యాబ్ నడపడం మొదలుపెట్టాడు. బండి నడపడం ఆయనకు కష్టం కాలేదు. పార్కింగ్‌లో పిలుపు కోసం గంటల తరబడి కూర్చోవడమే చేతకాలేదు. ఇంటికి వచ్చినా అదే వరస. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే వాకిట్లోకి వెళ్లేవాడు, అక్కణ్ణుంచి గేటు దాకా, మళ్లీ లోపలికి.

"జర కూసోరాదయ్యా, నాకు తల తిరుగుతున్నది" అంటే, "కూసునే నౌకరే చేస్తున్న గదనే, ఇంట్ల గూడ కూసోవాల్నా?" అనేవాడు.

ఆయన కాస్త కుదురుగా ఉండేది గాలం వేసినప్పుడే. డ్యూటీ లేని పొద్దున ఊరి పక్క కుంట గట్టు మీద కూర్చుని రెండు మూడు చిన్న చేపలతో వచ్చేవాడు. పెద్దవన్నీ నడి కుంటలో ఉంటాయనీ, గట్టు మీంచి గాలం అంత దూరం పోదనీ ఎప్పుడూ సణుగుడు.

ఒకరోజు ఎవరో ప్యాసింజర్ సీట్లో వదిలేసి పోయిన ఇంగ్లీషు పుస్తకం ఇంటికి తెచ్చాడు. నున్నటి కాగితాల నిండా తెల్లటి పడవలు, ఒక్కోటి మా ఇంటి కంటే పెద్దది. ఆరో తరగతి చదివే మా అమ్మాయి కూడబలుక్కుంటూ చదివింది.

"బాపూ, వీటిని యాట్ అంటరంట. ఎనక దిక్కు చేపలు పట్టుకోవచ్చు, ముందర పండుకోవచ్చు. ఇంట్లోళ్లందరు పోవచ్చంట."

"గదే గావాలె మనకు" అన్నాడు.

"సముద్రం ఏడున్నది శంషాబాద్‌ల?" అని నవ్వాను.

"సముద్రం లేకుంటే కుంట లేదా?"

నేను నవ్వి ఊరుకున్నాను, ఆయన ఊరుకోలేదు. హిమాయత్‌సాగర్ చెరువు తాగే నీళ్లది, అక్కడ సొంత పడవలు తిప్పనియ్యరని ఎవరో చెబితే ఆ ఆశ వదిలేశాడు. మా ఊరి కుంటలో చేపలు పెంచే ఆయన మా ఆయనకు చిన్నప్పటి దోస్తు. "ఇంజను పెట్టకు, చేపలు బెదురుతయి. తెడ్డేసుకుంటే నాకేం లేదు" అన్నాడు. ఇక మా ఆయనకు తిండి సహించలేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసి, "కప్పు ఉండాల్నా, వద్దా?" అని అడిగేవాడు. నేను కూరలో ఉప్పు వేశానో లేదో మరిచిపోయేదాన్ని. నాకు నీళ్లంటే భయం. మోకాళ్ల దాకా కూడా ఎప్పుడూ దిగలేదు. ఆయన పడవ అన్నప్పుడల్లా నాకు అమ్మాయి నీళ్లలోకి వంగుతున్నట్టే కనబడేది.

మామిడిపల్లిలో ఒక షెడ్డు ఉందని తెలిసి ఆదివారం అందరం వెళ్లాం. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో గడప దాటదు, అయినా ముందే కారెక్కి కూర్చుంది. "నేనెక్కేదైతే నేను సూడొద్దా?" అంది. ఆ షెడ్డులో ఫైబర్‌తో నీళ్ల ట్యాంకులు, పిల్లల జారుడుబల్లలు చేస్తారు. అడిగినవాళ్లకు పడవలూ చేస్తారు. యజమాని కాకినాడ వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. ఒక పడవలో పిల్లి ఈనిందని దాని దగ్గరకు మమ్మల్ని పోనివ్వలేదు. మిగిలినవి రెండు. ఒకటి సన్నగా, మూతి కోసుగా, నీలం రంగుది. రెండోది వెడల్పుగా, అడుగు చదునుగా, చుట్టూ బల్లలతో ఉంది.

మా ఆయన నీలం దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. దాని ఒళ్లంతా చేత్తో నిమిరాడు.

"గిది సూడు. బాణం లెక్క పోతది. గాలమేసి పట్టుకోవాల్నంటే గిదే."

"మేమేడ కూసోవాలె?" అన్నాను.

"ఒకరెనక ఒకరు కూసుంటరు."

"అత్తమ్మ కాలు సాపుకోవద్దా? పిల్ల ఒక్క దిక్కు వంగితే?"

యజమాని మెల్లగా కలగజేసుకున్నాడు. "అది ఒక్కరే వెళ్లి చేపలు పట్టుకునేవాళ్లు చేయించుకుంటారండి. ఇంటిల్లిపాదీ అంటే ఈ వెడల్పుదే నయం. కాస్త నెమ్మదిగా వెళ్తుంది, అంతే."

మా ఆయన ముఖం ముడుచుకుంది. "గా పెండ్లి పందిరసొంటి దాంట్ల కూసోని చేపలెట్ల పడ్తరు?"

అక్కడే చాలాసేపు వాదించుకున్నాం. చివరికి యజమాని, "నీలందే తీసుకెళ్లి నీళ్లలో వేసి చూడండి, నచ్చకపోతే పంపేయండి" అన్నాడు. మర్నాడు ట్రాలీ ఆటోలో అది మా కుంటకు వచ్చింది. ఆ రాత్రంతా నాకు కునుకు పట్టలేదు.

పొద్దున్నే అందరం వెళ్లాం. ముందు తానొక్కడే తిప్పి చూస్తానన్నాడు. నాలుగు తెడ్లు వేసేసరికి పడవ గట్టు వెంట నిజంగానే బాణంలా పోయింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. అది చూసి ఆయనకు ఊపొచ్చింది. గాలం విసరడానికి లేచి నిలబడ్డాడు. పడవ ఒక్కసారి పక్కకు ఒరిగింది. ఆయన నీళ్లలో, పడవ ఇంకో దిక్కున.

ఈత కొడుతూ వచ్చేస్తాడని చూస్తున్నాను. ఆయన రాలేదు. చేతులు కొట్టుకుంటున్నాడు. తల మునుగుతోంది, లేస్తోంది. పిల్ల "బాపూ" అని అరిచింది. ఆ తర్వాత నేనేం చేశానో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. చీర కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి. బురదలో చెప్పు ఇరుక్కుపోయింది. నీళ్లు నడుము దాకా, రొమ్ముల దాకా వచ్చాయి. చెయ్యి చాస్తే చొక్కా కాలరు దొరికింది. బలంగా లాగాను.

"నిలవడు! కాళ్ల మీద నిలవడు! లోతు లేదు!"

ఆయన నిలబడ్డాడు. నీళ్లు ఆయన ఛాతీ దాకానే ఉన్నాయి. ఇద్దరం దగ్గుతూ అలాగే నిలబడ్డాం.

"నీకు ఈతొస్తదనుకున్న" అన్నాను.

"వస్తదని నేనెన్నడన్న చెప్పిన్నా?"

పెళ్లై పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లుగా కుంట గట్టు మీద కూర్చునే మనిషికి ఈత రాదని నాకు తెలియదు. కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. గట్టెక్కాక నేను అటు తిరిగి కుచ్చెళ్లు పిండుకున్నాను. అత్తమ్మే కొంగుతో ఆయన తల తుడుస్తూ, "నాకు సుత ఎన్నడు చెప్పలే గదరా" అంది.

ఇక పడవ ఊసు ఎత్తడనుకున్నాను. రెండు రోజులు నిజంగానే ఎత్తలేదు. గేటు దాకా నడవడం కూడా మానేశాడు, అది నన్ను ఇంకా కంగారుపెట్టింది. మూడో రోజు నేనే అన్నాను. "గా పెండ్లి పందిరే తెద్దాం. అందరికీ లైఫ్ జాకెట్లు తెద్దాం. ముందల నీకే."

ఆయన నన్ను నమ్మలేనట్టు చూశాడు. "నువ్వెక్కుతవా?"

"ఒకసారి దిగిన గద నీళ్లల్ల."

నీలంది వెనక్కి పోయింది, వెడల్పుది వచ్చింది. ముందు అత్తమ్మను ఎక్కించాం. చీర మీద నారింజ రంగు జాకెట్ తొడుక్కుని, బల్ల మీద కాళ్లు చాపుకుని, ఇక కదలండి అన్నట్టు చూసింది. నేను పక్క అంచు గట్టిగా పట్టుకున్నాను. నడి కుంటకు చేరేసరికి నా వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. పైన విమానం ఒకటి చాలా కిందుగా దిగుతోంది.

"గా ఇమానంల ఉన్నోళ్లకు మనం కనవడ్తమా?" అంది అత్తమ్మ.

"కనవడ్తం నాయనమ్మా, జాకెట్లు నారింజ రంగువి గద" అంది మా అమ్మాయి, చెయ్యి ఊపుతూ.

చేపలు మాత్రం పడలేదు. పిల్ల నోరు మూయదు, అత్తమ్మ పాటలు ఆపదు. ఆయన ఈ దిక్కు గాలం వేసి, అది తీసి ఆ దిక్కు వేసి, మళ్లీ మారుస్తుంటే పడవ ఊగింది. "ఒక్క జాగల కూసో!" అని అందరం ఒక్కసారే అరిచాం. ఆఖరికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆదివారం మాది, మిగతా పొద్దులు ఆయనవి. ఒక్కడే పోయిన రోజున నడి కుంటలోంచి మంచి బొచ్చె చేపలు తెచ్చేవాడు.

పడవ వచ్చిందని ఆయన కుదురుకున్నాడని చెప్పను. ఇప్పటికీ కుదురు లేదు. కానీ ఆ ఎండాకాలం ఒక తోట బావిలో, నడుముకు ఎండు సొరకాయలు కట్టుకుని, తన కంటే చిన్నవాళ్ల నవ్వుల మధ్య ఈత నేర్చుకున్నాడు. నేను గట్టు మీద కూర్చుని చూశాను. ఆయన మొదటిసారి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు చేరి, ఆయాసపడుతూ తల పైకెత్తి, "సూసినవా?" అని అడిగాడు.

"సూసిన" అన్నాను.