కరివేపాకు చెట్టూ, నా తటస్థ విధానమూ

రెండు వేల ఆరు ఏప్రిల్‌లో ఒక శనివారం నేను హామిల్టన్ వెళ్ళింది ఒక కంచెను ఆపడానికి. అక్కడ రోటోటూనా అనే పేటలో గుంటూరు సుబ్బారావు, కరీంనగర్ యాదగిరి ఇరుగుపొరుగు. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. ఇద్దరి మధ్యా ఒక కరివేపాకు చెట్టుంది. వేళ్ళు సుబ్బారావు వైపు. ఈ దేశంలో ఎండ ఉత్తరాన్నుంచి వస్తుంది కాబట్టి కొమ్మలన్నీ ఉత్తరాన ఉన్న యాదగిరి వైపు. చెట్టెవరిదన్న తగాదాతో నెల్లాళ్ళుగా మాటల్లేవు. సోమవారం మనుషులొచ్చి, ఎవరికీ దక్కకుండా చెట్టు కొట్టేసి ఎత్తు కంచె కడతారట.

నేనుండే మౌంట్ ఆల్బర్ట్‌లో పొద్దున్నే బస్సెక్కి ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో దిగి, ఎనిమిదింటి హామిల్టన్ బస్సు పట్టుకున్నాను. టికెట్టు ముందుగా కొంటే ఆరు డాలర్లు తక్కువ. వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చుంటే నది కనిపిస్తుంది, ఎండా తగలదు. ఒళ్ళో రెండు మిఠాయి డబ్బాలు, రెండూ ఒకే తూకం.

పక్కసీటు పెద్దావిడ ఇక్కడి కివీ, చరిత్ర చెప్పి రిటైరైన టీచరు. రెండు డబ్బాలెందుకని అడిగితే సంగతి చెప్పాను.

"తటస్థ దేశాలన్నీ ఇలాగే మొదలుపెడతాయి," అందామె. "ఇద్దరికీ సరుకు అమ్ముతామంటాయి. అది ఒకరికే ఎక్కువ చేరుతుంది. రెండోవాళ్ళు ఓడ ముంచుతారు. అది మా ఓడ అంటారు ఈ తటస్థులు. ఇక యుద్ధంలో ఉన్నట్టే."

నాకు ఓడలు లేవన్నాను.

సుబ్బారావు ఇంట్లో రెండు పెసరట్లు, అరగంట. యాదగిరి ఇంట్లో రెండు సర్వపిండ్లు, అరగంట. అక్కడిదాకా లెక్క సరిగ్గానే ఉంది. తర్వాత యాదగిరి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు.

"చలికాలం రోజూ దుప్పటి కప్పి కాపాడిన అన్నా. ఏర్లు ఆయనవైతే అయితయ్, పానం నేను పోసిన."

"నిజమే, మన చెట్టు ఏపుగా ఉంది," అన్నాను.

అవతల బట్టలారేస్తున్న సుబ్బారావు తల ఎత్తాడు. "ఆ 'మన'లో నేనున్నానా అన్నయ్యగారూ? పెసరట్లు మా ఇంట్లో, 'మన' అక్కడానా?"

"అందరం ఉన్నాం," అన్నాను కంగారుగా.

"అందరమంటే ఎట్లన్నా? నువ్వెన్నడు నీళ్లు పోసినవ్?" అన్నాడు యాదగిరి.

సమానంగా పంచితే గొడవ ఉండదనిపించింది. ముగ్గురం ఉన్నాం కాబట్టి తలా మూడో వంతు అన్నాను.

యాదగిరి నన్నొదిలి అవతలి పెరటివైపు తిరిగాడు.

"ఏమంటవ్ సుబ్బారావ్, మూడో వంతంట," అన్నాడు యాదగిరి. నెల తర్వాత అతనితో అన్న మొదటి మాట అది.

"ఆక్లాండ్ నుంచి కోతలకొస్తారు కాబోలు," అన్నాడు సుబ్బారావు. "చెట్టు సంగతి మేం చూసుకుంటాం లెండి."

"మేం చూసుకుంటమన్నా, నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు యాదగిరి.

ఆ 'మేం'లో నేను లేను. కంచెవాళ్ళను రావద్దని ఇద్దరూ ఒకే ఫోను మీద చెప్పారు.

నాలుగింటి బస్సులో తిరిగొచ్చాను. ఈసారి నది ఎడమవైపు. యుద్ధం ఆగింది, చెట్టు నిలిచింది, మిఠాయి రెండిళ్ళకూ సమంగా అందింది. నాకు ఒక్క రెమ్మ ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచలేదు. మౌంట్ ఆల్బర్ట్‌లో దిగి, ఇండియన్ స్టోరు మూసేలోగా పరుగెత్తి కరివేపాకు పాకెట్టు కొనుక్కున్నాను.