కుర్చీ వద్దన్న రోజు

ఐర్లండులో మేముండే క్లాండాల్కిన్‌లో పెద్దవాళ్ళకు చదువు చెప్పే క్లాసులో ఆమె నా పక్కన కూర్చునేది. కాంగో మనిషి. ఫ్రెంచి గడగడా చదివేది, ఇంగ్లీషు వాక్యం దగ్గర మాత్రం నాలాగే తడబడేది. నాకు తెలుగు అక్షరాలే యాభై దాటాక మా అమ్మాయి నేర్పింది. ఆమె నన్ను ‘మామా’ అనేది. వాళ్ళలో పెద్ద ఆడవాళ్ళను అలాగే పిలుస్తారట.

ఇక్కడ ఫ్రెంచి మాట్లాడే కాంగో ఆడవాళ్ళకు ఒక సంఘం ఉంది. మొదలుపెట్టినవాళ్ళలో ఆమె ఒకతె. వాళ్ళ వైపు భర్త పోతే భార్యకు జుట్టు తీసేసి, నేల మీద చాప వేసి కూర్చోబెట్టేవారట. అత్తవారు ఏమన్నా తలెత్తకూడదు. ఇక్కడ ఆ పద్ధతి సాగనివ్వకూడదని వీళ్ళు పట్టుబట్టారు. ఎవరింట్లో చావు జరిగినా అందరూ ఒకే రకం బట్ట కట్టుకుని వెళ్ళి, భర్త పోయిన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ నిలబడేవాళ్ళు. బంధువులు గొణిగినా కదిలేవాళ్ళు కాదు.

మా ఆయన పోయినప్పుడు నా గాజులు తీసింది మా ఆడవాళ్ళే. ఆ సంగతి చెబితే ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

“కొన్నాళ్ళు ఆగి ఐర్లండులో పోవాల్సింది మామా మీ ఆయన. నీకు మంచి కుర్చీ వేసేవాళ్ళం.”

గాజులు తీసిన రోజు తలుచుకుని నేను నవ్వడం అదే మొదలు.

తర్వాత వాళ్ళ దేశంలో తూర్పు వైపు యుద్ధం ముదిరింది. సంఘంలో మాటలు మారాయి. మీటింగు జెండాతో మొదలయ్యేది. కొత్త బట్ట మీద దేశపటం అచ్చు వేయించారు. తెల్లవాళ్ళను చూసి మన అమ్మమ్మల ఆచారాలు పారేసుకున్నాం, చాప కూడా మనదే అన్నారు. ఆమె తల్లి సరిహద్దు అవతలి, వాళ్ళు శత్రువనే దేశపు మనిషి. “నీ ముక్కే చెబుతోంది నువ్వు ఎవరి దానివో” అని ఒకామె అందరి ముందూ అందట. ఈమెకు కొత్త బట్ట ఇవ్వలేదు.

ఆ చలికాలంలో ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. మా అమ్మాయి నన్ను కారులో దింపుతూ, “అమ్మా, వాళ్ళ గొడవల్లో దూరకు. పలకరించి ఫోన్ చెయ్, పికప్ చేసుకుంటా” అంది.

లోపలికి వెళ్ళేసరికి ఆమె చాప మీద ఉంది. తలకు గుడ్డ చుట్టుకుంది, గుడ్డ కింద జుట్టు లేదు. సోఫాలో ఆడబిడ్డ కూర్చుంది. నేను వంటింట్లోంచి కుర్చీ తెచ్చి పక్కన వేశాను.

“లే తల్లీ.”

“వద్దు మామా.”

“ఎవరు కూర్చోమన్నారు నిన్నిలా? ఆవిడేనా?”

“ఎవరూ అనలేదు. జుట్టు కూడా నేనే తీయమన్నా.” గొంతు తగ్గించింది. “కుర్చీలో కూర్చుంటే పరాయిదాన్ని. ఇలా కూర్చుంటే సంఘం వాళ్ళు ఇవాళైనా వస్తారు. నా పిల్లలకు వీళ్ళు తప్ప ఎవరున్నారిక్కడ?”

చీకటి పడే వేళకు వాళ్ళు వచ్చారు. అందరి ఒంటి మీదా దేశపటాలే. గుమ్మంలో ఆగి, చాప వైపు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముక్కు మాట అన్నామె వంగి, ఈమె తల మీద చెయ్యి పెట్టి ఫ్రెంచిలో ఏదో అంది. ఈమె భోరున ఏడ్చింది. పొద్దుట్నుంచి ఏడవలేదట.

“ఏమంది?” అని అడిగాను.

“నిజమైన మా కోడలివి అంది.”

వాళ్ళు సోఫాలోనూ కుర్చీల్లోనూ సర్దుకున్నారు. నేను చాప అంచున కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అందరూ నా వైపు చూస్తున్నారు.

ఆమె తలెత్తకుండానే, మెల్లగా నా చేతిలోంచి చెయ్యి తీసుకుంది.

“ఇంటికి వెళ్ళు మామా. నువ్వుంటే వాళ్ళు ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తుంది.”

గోడ పట్టుకుని లేచాను. నా కోటు ఎక్కడుందో చూపించడానికి ఎవరూ లేవలేదు.