చేపల తొట్టికి కాపలా

మనుషుల్ని చప్పున నమ్మే గుణం నాకు లేదు. బందరులో మా హాల్లో పెట్టుకున్న చేపల తొట్టిలో మొక్కలు పసుపుబారి, ఆకులకి నాచు పడుతుంటే ముందు వాటిని అమ్మిన గుడివాడ కొట్టతన్నే అనుమానించాను. పాడైన మొక్కలు నాకు అంటగట్టాడనుకున్నాను.

వెళ్ళి నిలదీస్తే అతను తొణకలేదు. "లైటు చాలట్లేదండీ. మంచిది పెట్టి, రోజుకి ఎనిమిది గంటలే వెలిగించండి. కార్బన్ డయాక్సైడ్ కూడా ఇవ్వండి, మొక్కలకి అదే తిండి" అన్నాడు. లైటు మార్చాను. ఫోన్లో వీడియో చూసి ప్లాస్టిక్ సీసాలో పంచదార, ఈస్టు, నీళ్ళు కలిపి, మూతలోంచి సన్నటి గొట్టం తొట్టిలోకి దించాను. బుడగలు రాత్రీ పగలూ వస్తూనే ఉండేవి. చేపలకి గాలి కొట్టే మోటారు మాత్రం ఆపేశాను. అది నీళ్ళని కదిపితే మొక్కల కోసం వదిలిందంతా ఎగిరిపోతుందట.

మావయ్యగారు ఆ సీసా చుట్టూ రెండుసార్లు తిరిగారు. గుడివాడ దగ్గర ఏళ్ళ తరబడి చేపల చెరువులు చేసిన మనిషి. "చేపలున్న నీళ్ళలోకి ఈ గాలెందుకమ్మా?" అన్నారు. నా తొట్టి బాగుపడటం ఈయనకి గిట్టదు కాబోలు అనుకున్నాను.

రెండు వారాలైనా మొక్కలు తేరుకోలేదు. ఇంట్లో ఎవరో చెయ్యి పెడుతున్నారని నాకు గట్టి అనుమానం. మోటారు స్విచ్ కదిలితే ఊడేలా దాని మీద బొట్టుబిళ్ళ అంటించి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అది కింద పడి ఉంది.

"మోటారు మీరు వేస్తున్నారా?" అని మావయ్యగారిని సూటిగా అడిగాను.

"ఆ, నేనే. తెల్లారుజామున ఓ గంట వేసి, నువ్వు లేచేలోగా కట్టేస్తున్నా. రాత్రంతా మొక్కలూ నీళ్ళలో గాలి పీల్చేస్తాయి, ఆ టైముకి చేపలకి ఊపిరందదమ్మా. నా చెరువులో ఓసారి తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి తేలాయి."

నా వెనకాల చేసినందుకు ఒళ్ళు మండింది. "అది చెరువండీ, ఇది అద్దాల తొట్టి. ఇక మీదట ముట్టుకోకండి మావయ్యగారూ" అన్నాను. ఆయన తలూపి పేపరు తీసుకున్నారు.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే మా గది తలుపు తట్టారు. నాకు మెలకువ వచ్చింది. మళ్ళీ వాదనకొచ్చారనుకుని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. కాసేపటికి ఇంకోసారి తట్టారు. విసుక్కుంటూ లేచి వెళ్ళాను.

చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మావయ్యగారు స్విచ్ పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

"నువ్వే వెయ్యమ్మా" అన్నారు.

వేశాను. సీసా గొట్టం పీకి అవతల పారేశాను. చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. రెండు మాత్రం పక్కకి ఒరిగి పైనే ఉండిపోయాయి. సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఇవెప్పుడు పోయాయండీ?" అన్నాను.

"మొదటిసారి తలుపు తట్టినప్పుడు బతికే ఉన్నాయమ్మా."